మెరవణిలో బెదిరిన గుర్రం గురించి

సంపాదకులు గారికి,
నమస్కారములు.

గత నెల కర్నూలు పాతబస్తీలో ఒక పెళ్ళి మెరవణిలో గుర్రం బెదిరి పరుగెత్తిన సంగతి, పెళ్ళికొడుకు కింద పడి మణికట్టు విరిగిన సంగతి, మరో ఇద్దరికి దెబ్బలు తగిలిన సంగతి జిల్లా వార్తలలో చదివాను. శీర్షికలో ‘గుర్రం బీభత్సం’ అని ఉంది. లోపల ‘పిచ్చెక్కిన గుర్రం’ అని ఒకసారి, ‘పొగరుబట్టిన గుర్రం’ అని మరొకసారి రాశారు. ఆ రాత్రి ఆ గుర్రానికి పది గజాల దూరంలో, మా ఇంటి అరుగు మీద నిలబడి అంతా చూసినవాణ్ణి నేను. పైగా జట్కా తోలుకుని బతికిన ఇంట పుట్టి, పద్దెనిమిదో ఏడు వచ్చేదాకా గుర్రపు కొట్టం పక్క గదిలోనే పడుకున్నవాణ్ణి. ఆ గుర్రానికి పిచ్చి గాని పొగరు గాని ఉన్నట్టు నాకు కనబడలేదు. దానికి భయం వేసింది. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించగలరు.

తొమ్మిదిన్నర దాటాక మెరవణి మా సందు మలుపు దగ్గరకు వచ్చి, కదలకుండా నలభై నిమిషాల దాకా నిలిచిపోయింది. గుర్రానికి ముందు డీజే బండి, రెండు పక్కలా తలల మీద లైట్లు మోసే ఆడవాళ్ళు, వెనక జనరేటరు. గుర్రం ముఖానికి పూసల ముసుగు కట్టారు. మొదట్లో అది ఒక చెవి ముందుకు, ఒక చెవి వెనక్కు తిప్పుతూ చప్పుళ్ళను వెతుక్కుంటూ ఉన్నది. కాసేపటికి తోకను తొడల మధ్య అదుముకుంది. జీను కింద నుంచి చెమట చారలు కట్టి కారింది, కంటి కొసన తెల్లగుడ్డు బయటపడింది, ముందరి కాలితో నేలను మూడు మాట్లు గీరింది. గుర్రాలతో బతికినవాళ్ళకు ఇదంతా నోరు తెరిచి చెప్పినట్టే ఉంటుంది. పగ్గం పట్టుకున్న కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, అతనికి అర్థమైంది. ‘అన్నా, కొంచెం పక్కకు తీసుకపోతా, బెదురుతాంది’ అని రెండుసార్లు అడగడం నా చెవులతో విన్నాను. ‘ఐదు నిమిషాలు ఆగు’ అన్నారు. ఆ ఐదు నిమిషాలు కాకముందే ఎవరో దాని వెనక కాళ్ళకు దగ్గరలో టపాకాయల సరం ముట్టించారు.

గుర్రం ముందుకు దూకింది, పెళ్ళికొడుకు జారిపడ్డాడు, అడ్డం ఉన్నవాళ్ళకు దాని ఛాతీ తగిలింది. తరువాత అది పరుగెత్తిన దూరం డెబ్బై గజాలకు మించదు. వీధి చివర నీళ్ళ ట్యాంకు గోడ అడ్డం వస్తే, ఆ గోడకు ముఖం పెట్టుకుని వణుకుతూ నిలబడిపోయింది. కొందరు కర్రలు తీసుకుని వెళ్ళి దాని పిరుదుల మీద కొట్టారు. వాళ్ళ మధ్య నుంచి ఆ కుర్రవాడు దూరి వెళ్ళి, మెడ మీద చేయి వేసి, నోటిలో నోటిలో ఏదో అంటూ నిలుచున్నాడు. రెండు నిమిషాలలో గుర్రం తల దించి అతని చంక కింద పెట్టింది. వార్తలో ఈ భాగం లేదు.

ఇప్పుడు ఆ వీధిని గుర్రం కంటితో చూద్దాం. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక, తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. దానికి కనబడని చోట్లు రెండే. ఒకటి నుదుటికి ఎదురుగా కొద్ది మేర, రెండోది సరిగ్గా తోక వెనక. టపాకాయలు పేలింది ఆ రెండో చోట. వెలుగులో నుంచి చీకటిలోకి, చీకటిలో నుంచి వెలుగులోకి మారినప్పుడు సర్దుకోవడానికి దాని కంటికి మన కంటి కన్నా ఎక్కువ సేపు పడుతుంది. అటువంటి కంటికి క్షణక్షణం ఆరి వెలిగే రంగుల లైట్లు చూపించాం. ఇక చెవి సంగతి. మనకు వినిపించే సన్నని శబ్దాల హద్దు 20 వేల హెర్ట్జులైతే, గుర్రానికి 33 వేల దాకా వినిపిస్తుంది. ఏ చెవికి ఆ చెవిని విడిగా తిప్పి, చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో పోల్చుకోవడం దాని పద్ధతి. నాలుగు దిక్కుల నుంచీ ఒకేసారి మోత మోగితే దాని చెవులకు తిరగడానికి దిక్కు మిగలదు.

ఇలాంటి కన్ను, ఇలాంటి చెవి గుర్రానికి ఊరికే రాలేదు. దానికి కొమ్ములు లేవు, కోరలు లేవు. పచ్చిక బయళ్ళలో వేటజంతువులకు ఆహారంగా లక్షల ఏళ్ళు బతికిన జాతి అది. గడ్డి కదిలినప్పుడు ‘అది గాలా, పులా’ అని తర్కించుకుంటూ నిలబడిన గుర్రాలు పిల్లల్ని కనేదాకా బతకలేదు. ముందు పరుగెత్తి, కొంత దూరం పోయాక వెనక్కు తిరిగి చూసుకున్న గుర్రాల సంతతే ఇప్పుడు మన పెళ్ళిళ్ళకు వస్తున్నది. మనం ‘బెదురుగొడ్డు’ అని విసుక్కునే గుణమే దాని ప్రాణం కాపాడిన గుణం. ఇందులో ఒక తమాషా ఉంది. గాడిదకు ప్రమాదం తోస్తే అది పరుగెత్తదు, ఉన్నచోటనే బిగుసుకుని నిలబడి ఆలోచించుకుంటుంది. పరుగెత్తే గుర్రాన్ని పిచ్చిదన్నాం, నిలబడి ఆలోచించే గాడిదను మొద్దు అన్నాం. మన మెప్పు పొందాలంటే ఆ జంతువులు ఏం చేయాలో నాకైతే తోచదు.

మా నాయన జట్కాకు కట్టిన ఆడగుర్రానికి నుదుట తెల్లచుక్క ఉండేది, దాని పేరు కూడా చుక్కే. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 సంవత్సరాలలో, ఆఫీసులు గుడారాలలో నడిచిన రోజులలో, గుమాస్తాలను రైల్వే స్టేషను నుంచి ఆ గుడారాలకు చేరవేస్తూ మా నాయన ఈ వృత్తిలో కుదురుకున్నాడు. చుక్క ఆ తరువాత వచ్చింది, నా చిన్నతనమంతా ఉంది. అది ప్రతిరోజూ కొండారెడ్డి బురుజు దగ్గర ఒక అరటిపండ్ల తోపుడుబండి పక్కగా పోయేది, ఏనాడూ దానివైపు చూసేది కాదు. ఒకరోజు ఆ బండివాడు నీడ కోసం బండిని అడ్డంగా తిప్పి పెట్టుకున్నాడు. చుక్క దాన్ని చూసి నాలుగడుగులు వెనక్కు వేసింది. అదే బండి, అదే మనిషి, అవే పండ్లు. నేను కొరడా అందివ్వబోతే నాయన వద్దన్నాడు. దిగి, పగ్గం వదులు చేసి, ఆ బండి దాకా దాన్ని నడిపించి, వాసన చూడనిచ్చి, ఒక పండు కొని తొక్కతో సహా తినిపించి, మళ్ళీ బండెక్కాడు. ‘దానికి అది కొత్తబండి రా, మనకే పాతది’ అన్నాడు. అలవాటైన వస్తువునే తిప్పి పెడితే గుర్రానికి అది కొత్త వస్తువులాగా తోస్తుందని ఈ మధ్య పరీక్షలు పెట్టి చూసిన వాళ్ళూ చెబుతున్నారు. మా నాయన చదువుకున్నది మూడో తరగతి.

బెదురు ఉన్నంత మాత్రాన బుద్ధి తక్కువని అనుకోరాదు. మా కొట్టంలో ఉలవల డబ్బా పెట్టే అర ఒకటి ఉండేది, దాని తలుపుకు ఇనుప గడియ ఉండేది. చుక్క పై పెదవితో ఆ గడియను పైకి లేపి, పళ్ళతో పక్కకు లాగి తలుపు తీయడం నేర్చుకుంది. దానికి ఎవరూ నేర్పలేదు, మేము తీస్తుంటే చూసి, తన నోటితో తంటాలు పడి సాధించుకున్నట్టుంది. గడియకు తాడు చుట్టి ముడి వేశాం. మూడు రోజులకు ముడి విప్పింది. ఒక రాత్రి అలా తలుపు తీసుకుని, మర్నాటి గుగ్గిళ్ళకని ఉంచిన ఉలవలు డబ్బాడు తినేసింది. తెల్లవారుజామున అది తన కడుపు వైపు తిరిగి తిరిగి చూసుకుంటూ, పడుకుంటూ లేస్తూ ఉంటే మా నాయన ముఖం పాలిపోయింది. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. దాని అన్నవాహిక, కడుపు కలిసే చోట కండరం లోపలికి పోనిస్తుంది గాని బయటికి రానివ్వదు. అంత పెద్ద ఒళ్ళున్నా కడుపు మాత్రం చిన్నది, పది పన్నెండు లీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. అందుకే గుర్రానికి శూల వచ్చిందంటే గుర్రపువాళ్ళు ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు భయపడతారు. అది నేల మీద పొర్లకుండా నాయన తుంగభద్ర ఒడ్డున పొద్దెక్కేదాకా దాన్ని నడిపిస్తూనే ఉన్నాడు, పశువుల డాక్టరు వచ్చి గొట్టం వేసి నూనె పోసేదాకా ఆగలేదు. చుక్క బతికింది. మేము తలుపుకు తాళం కప్ప వేశాం. అది ఆ కప్పను కూడా వారం రోజులు నాకి చూసింది.

ఇవి ఇంటి ముచ్చట్లని కొట్టేసేవారి కోసం పరిశోధకులు చేసిన పనులు రెండు మూడు చెబుతాను. నార్వేలో కొందరు 23 గుర్రాలకు మూడు బొమ్మ పలకలు చూపించి, ‘దుప్పటి కప్పండి’, ‘దుప్పటి తీసేయండి’, ‘ఉన్నట్టే ఉండనీయండి’ అనే మూడు అర్థాలు నేర్పారు. రోజుకు పది పదిహేను నిమిషాల పాఠంతో రెండు వారాలలో అన్నీ నేర్చుకున్నాయి. తరువాత వాటి ఇష్టానికి వదిలేస్తే, వాన, చలిగాలి ఉన్న రోజు దుప్పటి అడిగాయి, ఎండ కాసిన రోజు తీసేయమన్నాయి. ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. 2024లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం వారు చెప్పిన సంగతి ఇంకా బాగుంది. ఇరవై గుర్రాలకు ఒక అట్టముక్కను ముక్కుతో తాకితే తిండి పెట్టడం అలవాటు చేశారు. తరువాత, దీపం వెలిగి ఉన్నప్పుడు తాకితే ఏమీ ఇవ్వమని నియమం పెట్టారు. గుర్రాలు లెక్కచేయకుండా దీపం వెలిగినా ఆరినా తాకుతూనే పోయాయి. వీటికి అర్థం కాలేదు కాబోలనుకున్నారు. అప్పుడు, దీపం ఉండగా తాకితే పది సెకన్లు ఆట ఆపేస్తామని చిన్న శిక్ష పెట్టారు. వెంటనే గుర్రాలు దీపం వెలిగినప్పుడు తాకడం మానేశాయి. అంటే నియమం వాటికి మొదటి నుంచే తెలుసు, తప్పు చేసినా పోయేదేమీ లేదు కనుక శ్రమ తీసుకోలేదని ఆ పరిశోధకులు తేల్చారు. ముప్పై ఒక్క ఏళ్ళు బడిపంతులుగా పనిచేసిన నాకు ఇది చదివి నవ్వు ఆగలేదు. నెగటివ్ మార్కులు లేని పరీక్షలో తెలియని ప్రశ్నలకు కూడా గుండ్రాలు నింపి వచ్చే పిల్లలు చేసేది ఇదే కదా.

అయితే గుర్రం తెలివిలో అసలు గొప్పతనం గడియలు తీయడంలోనో పలకలు తాకడంలోనో లేదని నా అభిప్రాయం. మనిషిని చదవడంలో దాన్ని మించినవి తక్కువ. వంద ఏళ్ళకు పైబడిన జర్మనీ కథ ఒకటి చాలామందికి తెలిసే ఉంటుంది. బెర్లిన్‌లో వాన్ ఆస్టెన్ అనే ఉపాధ్యాయుడి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, తీసివేతలు అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు కాలితో నేలను కొట్టేది. 1904లో పండితుల సంఘం వచ్చి చూసి మోసమేమీ లేదని చెప్పి వెళ్ళింది. తరువాత ఆస్కార్ ఫంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఓపికగా పరీక్షించి, అడిగినవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదని, అడిగినవాడు కనబడకపోతే అసలే చెప్పలేకపోతున్నదని కనిపెట్టాడు. సరైన అంకె దగ్గరకు రాగానే అడిగినవాడి తల రవ్వంత కదిలేది, ఒంటి బిగువు సడలేది. అతనికే తెలియని ఆ కదలికను చూసి గుర్రం కాలు ఆపేసేది. మన గంగిరెద్దుల వాడు డోలు మీద చేసే సైగను చూసి ఎద్దు తల ఊపుతుంది, కాని అక్కడ సైగ చేసేది తెలిసి చేస్తాడు, నేర్పి చేయిస్తాడు. హాన్స్‌కు ఎవరూ నేర్పలేదు. ఈ కథను గుర్రానికి లెక్కలు రావని రుజువు చేయడానికే వాడుతుంటారు. నాకు మాత్రం, ఒక పండితుల సంఘం కళ్ళకు దొరకని తలకదలిక ఆ గుర్రం కంటికి దొరికిందనే సంగతే పెద్దదిగా తోస్తుంది.

ఇది పెళ్ళి మెరవణికి సంబంధం లేని పురాణం అనుకోకండి. 2009లో స్వీడన్ పరిశోధకులు, గుర్రాలను పట్టి నడిపించే వారికీ ఎక్కి తోలే వారికీ గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి, గుర్రాలకూ కట్టారు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నాలుగుసార్లు పోవాలి. నాలుగోసారి పోతున్నప్పుడు పక్కన ఒకరు టపీమని గొడుగు విప్పుతారని మనుషులకు ముందే చెప్పారు. నిజానికి గొడుగు విప్పనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి తెలియదు, దానికి తెలిసింది తన మీద ఉన్న మనిషి సంగతి. జీవితంలో మొదటిసారి గుర్రమెక్కి, తలపాగా జారుతుందేమోనని, తాను జారుతానేమోనని తొడలు బిగించి, ఊపిరి బిగపట్టి కూర్చున్న పెళ్ళికొడుకు కింద ఉన్న గుర్రానికి ఏ సమాచారం అందుతుంది? ‘ఇక్కడేదో ప్రమాదం ఉంది, పైవాడు భయపడుతున్నాడు’ అని అందుతుంది. మనుషుల కోపపు ముఖాల ఫోటోలు చూపిస్తే గుర్రాల గుండె వేగం పెరిగిందని, భయపెట్టేవాటిని చూసినట్టు ఆ ఫోటోలను ఎక్కువగా ఎడమ కంటితో చూశాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించారు. ఫోటోకే అంత ఉంటే, కర్రలు పట్టుకుని వచ్చిన ఇరవై ముఖాలు దానికి ఎలా కనబడి ఉంటాయో చెప్పనవసరం లేదు.

మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అనే సామెత ఊరికే పుట్టలేదు. దానికి తోడు ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అని కూడా అన్నారు, ఆ రాత్రి కర్రలు ఎత్తిన వారిలో ఒకరు ఈ రెండో సామెతనే నాకు వినిపించారు. సామెతతో తగవు పెట్టుకోను గాని, మూడు కాళ్ళ మీద నిలబడడం గుర్రానికి విశ్రాంతి అన్న మాట చెప్పాలి. దాని వెనక కాలి మోకాటి చిప్పకు గొళ్ళెంలా పడే ఏర్పాటు ఉంది, దానివల్ల ఒక వెనక కాలిని సడలించి మిగిలిన మూడింటి మీద కండరాలకు పెద్దగా శ్రమ లేకుండా నిలబడి కునుకు తీయగలదు. జట్కా స్టాండులో గిరాకీ లేని మధ్యాహ్నం గుర్రాలన్నీ అలాగే నిలబడేవి. మా నాయన దృష్టిలో మెత్తని రౌతు వేరు, చేతకాని రౌతు వేరు. కొరడా ఆయన బండిలో ఉండేది. దాన్ని గాలిలో చప్పుడు చేయడానికే వాడేవాడు, ఒంటి మీద వేసిన రోజులు నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు రెండే. ఆ రెండు రోజులు చుక్క కూడా మరచిపోలేదు, ఆయన కుడిచేయి పైకెత్తితే చాలు, చెవులు వెనక్కు అతికించేది. గుర్రానికి మంచీ గుర్తుంటుంది, చెడూ గుర్తుంటుంది. తిండి పెట్టి, మెచ్చుకుని నేర్పిన గుర్రాలు నెలల తరువాత కూడా ఆ మనుషుల దగ్గరకు తామే వస్తాయని ఫ్రాన్సులో పరీక్షించి చూశారు. కొట్టి నేర్పినవి పని చేస్తాయి గాని, సందు దొరికితే ఎటు పోవాలా అని చూస్తుంటాయి. టపాకాయ పేలినప్పుడు దొరికేది ఆ సందే.

సామెతల కన్నా ముందు భారతమే ఉంది. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో ఉండి, ఒక్క రోజులో విదర్భ చేరాలన్నప్పుడు బక్కచిక్కిన గుర్రాలను ఏరుకుంటాడు. రాజు ఇవేం గుర్రాలని విసుక్కుంటాడు, అవే పరుగెత్తి చేరుస్తాయి. నలునికి తెలిసిన ఆ విద్యకు పేరు అశ్వహృదయం. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాల సంరక్షణే అడిగి తీసుకున్నాడు. గుర్రం ఒంటిని తెలుసుకోవడాన్ని గాక, హృదయాన్ని తెలుసుకోవడాన్ని విద్య అన్న భాష మనది. ఇప్పుడు ఆ విద్య ఉన్నవాళ్ళు మన ఊళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి 3.4 లక్షలే ఉన్నాయి, 2012 నుంచి చూస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. కర్నూలులో జట్కాలు పోయి ఆటోలు వచ్చాయి, లాడాలు కొట్టేవాళ్ళు పోయారు, జీనులు కుట్టేవాళ్ళు పోయారు. గుర్రం మాత్రం పెళ్ళికి అలంకారంగా మిగిలింది. ముహూర్తాల రోజుల్లో ఒకే గుర్రం ఒక సాయంత్రం మూడు మెరవణులకు పోతుంది. దాన్ని పట్టుకుని వచ్చే కుర్రవాళ్ళు యజమానులు కారు, కూలికి వచ్చేవాళ్ళు. వాళ్ళ మాట ఎవరూ వినరు.

ఇంకొక విషయం ఉంది, ఇదే ఈ లేఖ రాయడానికి నన్ను ఎక్కువగా పురికొల్పింది. జనం చెదిరిపోయాక ఆ కుర్రవాడు గుర్రాన్ని మా అరుగు దగ్గరకు తెచ్చి నీళ్ళు అడిగాడు. బకెట్టు పెట్టాను, గుర్రం మూతి ముంచింది గాని తాగలేదు, నీళ్ళు ఎర్రబడ్డాయి. కళ్ళెం తీయించి టార్చిలైటు వేసి చూశాను. నోట్లో ఉండే ఇనుప కడ్డీకి రెండు పక్కలా పంటి పొడుగు ముళ్ళు ఉన్నాయి. పగ్గం లాగిన ప్రతిసారీ అవి పెదవుల కొసలలో దిగుతాయి. నాలుక పక్కన పాత పుండు మీద కొత్త గాయం. వెనక పేలిన టపాకాయకు అది ముందుకు దూకితే, ఆపడానికి పగ్గం లాగారు, లాగితే నోట్లో ముళ్ళు దిగాయి, ఆ నొప్పికి ఇంకా పరుగెత్తింది. ఆపవలసిన పనిముట్టే దాన్ని తరిమింది. ‘ఓనరు ఇదే ఇచ్చినాడు సార్, నేనేం చేసేది’ అన్నాడు కుర్రవాడు. ముళ్ళు లేని నున్నని కళ్ళెం ధర పెద్దదేమీ కాదని కూడా అతనే చెప్పాడు.

ఇటువంటి కళ్ళెం వాడకూడదని మన దేశంలో చట్టం ఎప్పుడో చెప్పింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద, లాగుడు పశువులకు, మోత పశువులకు 1965లో చేసిన నియమాలలో, బండి తోలడానికి గాని స్వారీకి గాని ముళ్ళు, బుడిపెలు ఉన్న కళ్ళెం, పట్టెడ, కర్ర వాడరాదని స్పష్టంగా ఉంది. అదే నియమాల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువుతో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు, ఐదు గంటలకు మించి విరామం లేకుండా చేయించరాదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు అసలే చేయించరాదు. కర్నూలు ఎండాకాలంలో 37 డిగ్రీలు దాటని మధ్యాహ్నం ఏదో చూపించమనండి. మూల చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయల దాకా ఉంటుంది. ఈ రోజు ఆ యాభైకి గుర్రం మెడలో వేసే పూలదండ రాదు. చట్టం భయపెట్టలేదు కనుక పట్టించుకోరు, దీపం పరీక్షలో శిక్ష లేనంతకాలం ఇంగ్లండు గుర్రాలు చేసిన పనే ఇది కూడా.

గుర్రాలను మెరవణుల నుంచి తీసేయాలని నేను అడగడం లేదు. దాని మీద ఇళ్ళు గడుపుకునేవాళ్ళున్నారు, ఆ ఇళ్ళలో ఒక ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. అడిగేది చిన్న చిన్న పనులు. గుర్రానికి, డీజే బండికి మధ్య వందడుగులైనా ఎడం ఉంచండి. మెరవణి ఆగిన చోట పెళ్ళికొడుకు దిగి నిలబడితే పరువేమీ పోదు. గుర్రం వెనక టపాకాయలు కాల్చవద్దని అనుమతి కాగితంలోనే పోలీసువారు రాయించుకోవచ్చు, రాత్రి పది దాటాక లౌడుస్పీకర్లు ఎలాగూ నిషిద్ధం. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు అద్దె ఎంతని అడిగినట్టే, నోట్లో కళ్ళెం ఏదని కూడా అడగండి, తీసి చూపించమనండి. పెళ్ళికొడుకును ముందు రోజు ఒక అరగంట ఆ గుర్రం దగ్గరకు తీసుకువెళ్ళి, దాని భుజం పక్కన నిలబడి మెడ నిమరనిస్తే ఇద్దరికీ సగం భయం పోతుంది. కళ్ళకు అడ్డం వచ్చే పూసల ముసుగు ఫోటోలకు బాగుంటుందేమో గాని, దాన్ని కట్టి జనంలోకి తోయడం మనిషి కళ్ళకు గంత కట్టి బజారులో వదలడమే అవుతుంది. పగ్గం పట్టుకున్నవాడు ‘బెదురుతోంది’ అంటే ఆ మాటకు అక్కడ ఉన్న పెద్దమనుషులందరి మాట కన్నా విలువ ఇవ్వాలి. ఆ రాత్రి అతని మాట విని ఉంటే వార్తే ఉండేది కాదు.

పత్రికలవారికి కూడా ఒక మనవి. ఇలాంటి సంఘటన రాసేటప్పుడు గుర్రం ఏం చేసిందో రాసినట్టే, దానికి ముందు అరగంటలో దానికి ఏం చేశారో కూడా కనుక్కుని రాయించండి. గుర్రాన్ని పట్టుకుని వచ్చిన కుర్రవాణ్ణి అడిగితే చెబుతాడు. వార్తలో అతని మాట ఒక్కటీ లేదు.

పది రోజుల కిందట ఆ గుర్రం ఉన్న కొట్టం వెతుక్కుంటూ వెళ్ళాను. ఆషాఢం కనుక పని లేదు, మూడు కాళ్ళ మీద నిలబడి కునుకు తీస్తోంది. పెదవి కొసలు మానుతున్నాయి. ముళ్ళ కళ్ళెం గోడకు కొక్కేనికి అలాగే వేలాడుతోంది. యజమానితో మాట్లాడాను, ‘చూద్దాం సార్’ అన్నాడు. శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే ఆ కళ్ళెం మళ్ళీ దాని నోట్లోకి పోతుంది. అందుచేత ఈ లేఖను ఆ లోగానే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జట్కా తోలినవాని కొడుకు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాతబస్తీ, కర్నూలు.